మెట్ల కిటికీలో ఎర్ర లైటు

శుక్రవారం పొద్దున పదింటికి గడపకు పసుపు రాస్తూ రాస్తూ మల్లమ్మ లేచింది. మెట్లెక్కి, మలుపులో కిటికీ గూట్లో ఉన్న వైఫై డబ్బా వెనక నుంచి సన్నటి తీగ ఒకటి ఊడదీసింది. డబ్బా మీద పచ్చగా మినుకుతున్న చుక్కల్లో ఒకటి తడబడి ఆరిపోయింది. దాని పక్కనే ఎర్ర చుక్క వెలిగింది. ఆ ఎర్ర చుక్కను కాసేపు చూసి, తీగ కొసను డబ్బా వెనక్కి జార్చి, దిగి వచ్చి మళ్ళీ గడప ముందు కూర్చుంది.

ఇలా చేయడం ఆమెకిది ఐదోసారి. మంచి పని కాదని ఆమెకూ తెలుసు. అయినా ఎందుకు చేస్తోందో తెలియాలంటే, ముందు ఆ డబ్బా ఆ గూట్లోకి ఎలా చేరిందో చెప్పుకోవాలి.

మల్లమ్మ పుట్టిందీ మెట్టిందీ హఫీజ్‌పేటలోనే, రెండు గల్లీల తేడాతో. పొద్దున్నే మెడలో బ్యాడ్జీలు వేసుకున్న పిల్లలు స్టేషన్ వైపు ఉరికే దారిలోనే ఒకప్పుడు ఆమె పాల క్యాన్లు మోసింది. ఇంట్లో నాలుగు బర్రెలుండేవి. మదీనాగూడ దాకా నడిచి వెళ్ళి ఇంటింటికీ పోసి వచ్చేది. పిల్లలు కలగలేదు. మొగుడూ తనూ కలిసి రేకుల ఇంటి స్థానంలో స్లాబు వేసుకున్నారు, దాని మీద ఇంకో అంతస్తు లేపారు. పై అంతస్తుకు సున్నం వేయించిన ఏడాదే ఆయన పోయాడు. మేపడానికి జాగా లేక బర్రెలూ పోయాయి. మిగిలింది కింద ఒక వాటా, పైన ఒక వాటా, మధ్యలో మెట్లు.

బర్రెల మధ్య ముప్పై ఏళ్ళు గడిపితే మనిషికి ఒక చూపు అలవడుతుంది. నోరులేని దానికి ఎక్కడ బాగాలేదో దాని కళ్ళూ చెవులూ చూసి చెప్పగలుగుతుంది. ఆ చూపు వైఫై డబ్బా దగ్గర పనికొస్తుందని మాత్రం మల్లమ్మ ఎప్పుడూ అనుకోలేదు.

పై వాటాలోకి తణుకు నుంచి రోహిణి వచ్చింది. ఇరవై నాలుగేళ్ళ పిల్ల, హైటెక్ సిటీలో ఉద్యోగం. మొదటి ఏడాది ఇద్దరి మధ్యా నడిచినవి రెండే మాటలు: "నీళ్ళు వచ్చాయాండీ?" "ఒచ్చినయ్." తర్వాత ఆ జబ్బు రోజులొచ్చాయి. ఆఫీసులు మూసేశారు. గల్లీకి అడ్డంగా కర్రలు కట్టారు. పైన ఒక ఆడమనిషి, కింద ఒక ఆడమనిషి. ఇంట్లోంచే పని చేయాలని రోహిణి తన పేరు మీద నెట్ పెట్టించుకుంది. కింద మల్లమ్మ ఫోనుకు కూడా అందాలని పట్టుబట్టింది. పైన పెడితే కిందికి రాలేదు, కింద పెడితే పైకి పోలేదు. చివరికి డబ్బాను చంకలో పెట్టుకుని, పొడవాటి వైరు లాక్కుంటూ ఒక్కో మెట్టూ దిగింది.

"ఇప్పుడు వస్తోందా పిన్నీ?"

"ఒక్క గీత ఒచ్చింది."

"ఇప్పుడు?"

"పోయింది. ఇంకో మెట్టు దిగు."

"ఇప్పుడండీ?"

"మూడు గీతలు. ఆగు, ఆడనే ఆగు బిడ్డ, కదలకు."

అది పై నుంచి ఏడో మెట్టు. అక్కడే గోడలో కిటికీ ఉంది. మల్లమ్మ ఒక సత్తు పళ్ళెం బోర్లించి ఇస్తే, దాని మీద డబ్బాను కూర్చోబెట్టారు. సిగ్నలు అక్కడే బాగుండటంతో రోహిణి కూడా అక్కడే కూర్చోవడం మొదలుపెట్టింది. ఒళ్ళో లాప్‌టాప్ పెట్టుకుని, చెవుల్లో తీగలు దోపుకుని గంటల తరబడి ఇంగ్లీషులో మాట్లాడేది. రెండు మెట్ల కింద మల్లమ్మ గోంగూర తుంచుకుంటూ కూర్చునేది. మధ్యలో ఒక్క మాట కూడా మాట్లాడేది కాదు. మీటింగు అయిపోగానే రోహిణి చెవుల్లోంచి తీగలు పీకేసి, "అబ్బ, తినేశారు పిన్నీ" అనేది. "ఏం తిన్నరు, నువ్వు తిన్నవా ఇంతకూ?" అని మల్లమ్మ జొన్నరొట్టె పళ్ళెం అందించేది. ఆఫీసులు తెరిచాక కూడా వారానికి మూడు రోజులు ఆ మెట్లే రోహిణికి ఆఫీసు.

డబ్బా మొరాయించినప్పుడల్లా మల్లమ్మే ముందు చూసేది. వీపు మీద చెయ్యి పెట్టి, "ఒళ్ళు కాలుతున్నది, జర ఆరనియ్యి" అని స్విచ్ ఆపి, వంద లెక్కపెట్టి మళ్ళీ వేసేది. ఏ చుక్క వెలిగితే కరెంటు, ఏది మినుకుతుంటే పని జరుగుతున్నట్టు, ఏది ఎర్రగా వస్తే బయటి తీగలోంచి వెలుగు రానట్టు, అన్నీ చూసి చూసి పట్టేసింది. ఎదురింటి వాళ్ళు నెట్ పోయిందంటే కంపెనీకి చేసే ముందు ఆమెను పిలిచేవారు. "మా టెక్నికల్ టీమ్ మీరేనండీ" అని రోహిణి నవ్వేది.

పద్నాలుగు నెలల కింద రోహిణికి పెళ్ళయింది. ఉదయ్ భాస్కర్‌ది కూడా ఐటీ ఉద్యోగమే. కోకాపేటలో ఇరవై రెండో అంతస్తులో ఇల్లు తీసుకున్నారు. సామాను బండి ఎక్కించాక రోహిణి మెట్ల మలుపు దగ్గర నిలబడి డబ్బాను చూసింది. "ఈ మెట్ల కోసం తీసుకున్నదే కదా పిన్నీ, ఇక్కడే ఉండనివ్వండి" అంది. డబ్బా ఉండిపోయింది. నెట్ కనెక్షను రోహిణి పేరు మీదా, రోహిణి నంబరు మీదా అలాగే ఉండిపోయింది. మల్లమ్మ రాగి చెంబు ఒకటి కొత్త ఇంటికని చేతిలో పెట్టి పంపింది.

రోహిణి వెళ్ళిపోయిన నెలకు మల్లమ్మ ఒకసారి ఫోను చేసింది. రోహిణి గొంతు బాగా తగ్గించి, "చెప్పండి పిన్నీ, మీటింగులో ఉన్నాను. ఏమైనా పనుందా?" అంది. మల్లమ్మ చుట్టూ వెతుక్కుంది, కానీ పనేదీ దొరకలేదు. "ఏం లేదు బిడ్డ, చెయ్యి తాకింది" అని పెట్టేసింది. ఆ పిల్ల అడిగిన దాంట్లో తప్పేమీ లేదు. కానీ ఆ రోజు నుంచి, చెప్పడానికి ఒక పని లేకుండా ఫోను చేయడానికి మల్లమ్మకు చెయ్యి రాలేదు.

తర్వాత ఒకరోజు, స్తంభం నుంచి వచ్చే తీగను ఉడత కొరికేసింది. ఎల్లేశం వచ్చి అతికించాడు. ఎల్లేశం ఆ ఊరివాడే, ఒకప్పుడు కేబుల్ టీవీ తీగలు లాగినవాడు, ఇప్పుడు నెట్ తీగలు లాగుతున్నాడు. పని అయ్యాక కంప్లయింటు మూసేయాలంటే ఓటీపీ చెప్పాలి. అది పోయేది రోహిణి ఫోనుకు. తెలియని నంబర్ల నుంచి ఎవరడిగినా రోహిణి ఓటీపీ చెప్పదు. ఎల్లేశం రెండుసార్లు చేస్తే రెండుసార్లూ పెట్టేసింది. తర్వాత తనే మల్లమ్మకు ఫోను చేసింది. "మీ గొంతు వింటేగాని చెప్పనండీ. ఎవరికీ చెప్పకూడదు కదా" అంది. నాలుగు అంకెలు చెప్పింది. ఆ తర్వాత ఇరవై నిమిషాలు మాట్లాడింది. అత్తగారి గురించి, లిఫ్టు గురించి, గోంగూర పులుపు చాలకపోవడం గురించి. ఆ రాత్రి మల్లమ్మ రెండు రొట్టెలు ఎక్కువ తిన్నది.

ఆ తర్వాత నాలుగుసార్లు డబ్బా ఆగిపోయింది. ఏ ఉడతా కొరకలేదు.

మొదటిసారి పన్నెండు నిమిషాలు మాట్లాడింది రోహిణి. రెండోసారి ఏడు. మూడోసారి నాలుగు. నాలుగోసారి అంకెలు చెప్పి, "ఉంటాను పిన్నీ, లైన్లో వేరేవాళ్ళున్నారు" అంది.

ఇది ఐదోసారి. ఇక చేయకూడదనే అనుకుంది మల్లమ్మ. కానీ ఆ పొద్దున ఫోనులో రోహిణి పెట్టిన ఫోటో ఒకటి కనబడింది. బాల్కనీలో ఒక చెంబు, అందులో తీగ మొక్క. తను ఇచ్చిన రాగి చెంబే. వెనక ఆకాశం తప్ప ఇంకేమీ లేదు. మనిషి కూడా లేదు. గడప ముందు కూర్చుని ఆ ఫోటోను మూడుసార్లు చూసింది. నాలుగోసారి చూడబోయి, లేచి మెట్లెక్కింది.

"ఆంటీ, నెట్ పోయింది." పై నుంచి ఆకాష్ తొంగి చూశాడు. రోహిణి తర్వాత పై వాటాలోకి వచ్చినవాడు. నెమ్మదస్తుడు. "పదకొండుకు నాకు ఇంటర్వ్యూ ఉంది ఆంటీ."

మల్లమ్మ చెయ్యి పసుపు గిన్నెలోనే ఆగిపోయింది. "ఇంటర్వ్యూనా? నౌకరీ ఉన్నది గద బిడ్డ నీకు?"

"ఉండేది ఆంటీ. పోయిన నెల తీసేశారు. మీకు చెప్పలేదు, కిరాయి గురించి పరేషాన్ అవుతారని."

మల్లమ్మ చెయ్యైనా కడుక్కోకుండా మెట్లెక్కింది. డబ్బా వెనక తీగ కొస వెతికి పట్టుకుని, వేళ్ళతో తుడిచి, దాని రంధ్రంలోకి నెట్టింది. టక్కుమంది. వంద లెక్కపెట్టింది. ఎర్ర చుక్క అలాగే ఉంది. స్విచ్ ఆపి వేసింది. మళ్ళీ వంద. ఎర్రగానే ఉంది. ఎప్పుడూ ఆమె మాట విని లేచి కూర్చునే డబ్బా ఈసారి వినలేదు.

"ఆంటీ, ఫోను నెట్‌తో చేస్తాలే. మీరు ఫికర్ చేయకండి" అన్నాడు ఆకాష్. ఆ ఇంట్లో ఫోను నెట్ ఎంత అందుతుందో ఆమెకు తెలుసు. పదకొండుకు ఆకాష్ లాప్‌టాప్ పట్టుకుని డాబా మీదికి పోయాడు. చొక్కా ఇస్త్రీది, కింద నిక్కరు, నెత్తిన ఎండ. "హలో, యామ్ ఐ ఆడిబుల్?" అని అతను మళ్ళీ మళ్ళీ అడగడం కింది దాకా వినిపిస్తూనే ఉంది. ఆ ఇంగ్లీషు మాట అర్థం మల్లమ్మకు తెలుసు. రోహిణి నోట ఎన్నిసార్లు విన్నదో.

మల్లమ్మ ఫోను చేస్తే, పదకొండున్నరకు ఎల్లేశం సంచితో వచ్చాడు. కరెంటు వైరు కదిపి చూశాడు, డబ్బా ఆపి వేశాడు, స్తంభం దాకా పోయి వచ్చాడు. తీగ ఊడదీసి, చేతిలో పట్టేంత మీటరుకు తగిలించాడు.

"మైనస్ ఇరవై ఉండాలె. ముప్పై నాలుగు చూపిస్తున్నది. వెలుగు వస్తున్నది గని, ఏడనో అడ్డం పడుతున్నది" అన్నాడు. తీగ కొసకు ఉన్న పచ్చ పిన్నును కళ్ళ దగ్గర పెట్టుకుని చూశాడు. సంచిలోంచి తెల్లటి తుడుపు కాగితం తీసి, ఆ కొసను ఒక్కసారి రుద్దాడు. కాగితం మీద ఆవగింజంత మరక పడింది. పసుపుపచ్చగా.

ఎల్లేశం ఆ మరకను చూశాడు. మల్లమ్మ చేతులు చూశాడు. సగం పసుపు రాసి వదిలేసిన గడపను చూశాడు. అప్పుడే ఆకాష్ డాబా మీది నుంచి దిగి వచ్చాడు, చెమటతో.

"ఏమైంది అన్నా?"

"ఏం లేదు తమ్మి. దుమ్ము" అన్నాడు ఎల్లేశం, కాగితం మడిచి జేబులో పెట్టుకుంటూ. "నీ ఇంటర్వ్యూ?"

"సగం వినపడలేదంట. సోమవారం మళ్ళీ చేస్తామన్నారు." ఆకాష్ మల్లమ్మ వైపు తిరిగాడు. "ఆంటీ, ఒక మాట. ఇది నెలకోసారి పోతోంది. ప్రతిసారీ ఆవిడ ఎక్కడుందో వెతికి ఓటీపీ అడగాలి. మీ పేరుకు మార్పించుకోండి. లేదంటే నేను వేరే పెట్టించుకుంటాను, మీరేమీ అనుకోకండి."

అతను పైకి వెళ్ళాక ఎల్లేశం పిన్ను తగిలించాడు. పచ్చ చుక్క మినుకి నిలిచింది. అతను పోవడానికి లేవలేదు. ఒక మెట్టు మీద కూర్చున్నాడు.

"మల్లక్కా, పోయినసారి లూజున్నదన్న. అంతకు ముందు గూడ లూజున్నదన్న. గూట్ల పెట్టిన డబ్బా, ముట్టెటోడు లేడు, ఎట్ల లూజైతదని నేను ఇంటికాడ గూడ ఆలోచించిన."

మల్లమ్మ చీర కొంగుతో చేతులు తుడుచుకుంది. పసుపు పోలేదు.

"ఆ పోరడు ఎండల నిలబడి మొత్తుకుంటుంటే నా పానం పోయింది ఎల్లేశం."

"ఆ పిల్ల ఫోన్ కోసమేనా?"

ఆమె డబ్బా వైపు చూసి, కొంగు కొసను నడుముకు దోపుకుంది.

"కేబుల్ నాడు గూడ ఉండిరి అక్క నీ అసొంటోళ్ళు. టీవీ మంచిగనే ఉంటుండె, నన్ను పిలుస్తుండిరి. పోతె చాయ్ పోసి, ఇంత ముచ్చట పెట్టి పంపుతుండిరి. నేనెన్నడు అడగలే." అతను సంచి భుజానికి తగిలించుకున్నాడు. "గని అక్క, ఒక్క ఫోన్ కొట్టెతందుకు తీగ గుంజుడు ఎందుకు?"

"పనేందని అడుగుతది ఎల్లేశం. ఏం జెప్పాలె నేను?"

ఎల్లేశం ఫోను తీసి, కంప్లయింటు మూసే ఓటీపీ కోసం నొక్కాడు. అంతలో ఫోను మోగింది. రోహిణి.

"పిన్నీ, ఓటీపీ రాసుకోండి. నాలుగు, సున్నా, ఏడు, ఒకటి." వెనక ఎవరో నవ్వుతున్నారు, కీబోర్డులు టకటకలాడుతున్నాయి. "మీకు మాటిమాటికీ ఇబ్బందిగా ఉంది కదండీ. ఆ కనెక్షను మీ పేరుకు మార్పించేస్తాను. నేను సరేనని ఒక మెసేజ్ పెడితే చాలంట. పెట్టేయనా?"

మల్లమ్మ కిటికీ గూట్లోని డబ్బాను చూసింది. పై నుంచి ఆకాష్ ఎవరితోనో, "ఇప్పుడు వినిపిస్తోందా సార్? నెట్ వచ్చింది" అంటున్నాడు.

"పెట్టు బిడ్డ" అంది.

సోమవారం నాటికి పేరు మారిపోయింది. ఆ రోజు ఆకాష్ ఇంటర్వ్యూ నడిచినంతసేపూ మల్లమ్మ మెట్ల దగ్గరికి కూడా పోలేదు. వంటింట్లో చప్పుడు కాకుండా గిన్నెలు పెట్టుకుంది. ఆ నెలాఖరుకు అతనికి గచ్చిబౌలిలో ఉద్యోగం వచ్చింది.

రెండు నెలలు డబ్బా మంచిగా ఉంది. వానలు పడ్డాక ఒకరోజు నిజంగానే ఎర్ర చుక్క వెలిగింది. మల్లమ్మ డబ్బా వీపు ముట్టి చూసింది, ఆపి వేసింది, తీగను మాత్రం ముట్టలేదు. ఎల్లేశం స్తంభం దగ్గర నీళ్ళు దిగిన పెట్టె మార్చి వచ్చాడు. అప్పుడు మల్లమ్మ ఫోను కిచకిచమంది. తెర మీద నాలుగు అంకెలు. ఆమె చదివింది, అతను కొట్టుకున్నాడు. అంతా కలిపి అర నిమిషం కూడా పట్టలేదు. "అయిపోయిందక్క" అని అతను పోయాడు.

అయిపోయింది. ఫోను ఆమె చేతిలోనే ఉంది. ఇక ఎక్కడి నుంచీ మోగదు.

పొద్దు వాలుతుండగా డాబా మీద బట్టలు తీయడానికి ఎక్కింది. వాన కడిగిన ఆకాశం కింద, దూరంగా కోకాపేట వైపు ఎత్తు మేడలు వరసగా కనబడుతున్నాయి. వాటి నెత్తిన అప్పుడప్పుడే ఎర్ర లైట్లు వెలుగుతున్నాయి. అందులో రోహిణి ఉండేది ఏదో ఆమెకు తెలియదు. ఒకసారి చూపించమని అడగాలనుకుంది, ఆ అడగడం కూడా ఏదో ఒక ఓటీపీ నాటికని దాచుకుంది. బట్టలు భుజాన వేసుకుని దిగుతూ, ఏడో మెట్టు మీద ఆగింది. అక్కడే కూర్చుంది. పక్కన డబ్బా పచ్చగా మినుకుతోంది. ఏ రోగమూ లేదు దానికి.

ఫోను చేసింది. చాలాసేపు మోగాక రోహిణి ఎత్తింది. వెనక చాలా మంది మాటలు.

"చెప్పండి పిన్నీ. మళ్ళీ పోయిందా? ఓటీపీ ఇప్పుడు మీ ఫోనుకే వస్తుందండీ."

"ఒచ్చింది బిడ్డ. నెట్ మంచిగనే ఉన్నది."

"మరి? ఏమైనా పనుందా?"

చెయ్యి తాకిందన్న మాట నాలుక చివర సిద్ధంగా ఉంది. మల్లమ్మ దాన్ని మింగింది.

"పనేం లేదు. నువ్వు యాదికొస్తున్నవ్ బిడ్డ. రోజూ యాదికొస్తున్నవ్. గందుకే చేసిన."

లైను పోయిందేమోనని మల్లమ్మ ఫోను చెవి నుంచి తీసి చూసింది. నిమిషాలు నడుస్తూనే ఉన్నాయి. తర్వాత, "ఒక్క నిమిషం లైన్లో ఉండండి పిన్నీ" అని చాలా నెమ్మదిగా వినిపించింది. చెప్పుల చప్పుడు. ఎవరో పిలుస్తుంటే, "ఇప్పుడే వస్తాను, మీరు తినండి" అంది. బరువైన తలుపు తెరుచుకుని మూసుకుంది. మనుషుల మాటలన్నీ ఒక్కసారిగా ఆగిపోయాయి. రోహిణి గొంతు బావిలోంచి వస్తున్నట్టు మోగింది.

"ఇప్పుడు చెప్పండి. మెట్ల మీద కూర్చున్నాను. ఇక్కడ అందరూ లిఫ్టే ఎక్కుతారండీ, మెట్ల మీదికి ఎవరూ రా..."

మాట తెగిపోయింది.

"వినొస్తలేదు బిడ్డ. ఆడ సిగ్నల్ లేనట్టున్నది. ఒక మెట్టు దిగి చూడు."

"...ప్పుడండీ?"

"సగమే ఒస్తున్నది. ఇంకో మెట్టు."

"ఇప్పుడు?"

"ఇంకోటి దిగు."

"ఇప్పుడు వస్తోందా పిన్నీ?"

పక్కన కూర్చుని మాట్లాడినట్టే వచ్చింది. గొంతులోని జీర కూడా వినిపించింది. మల్లమ్మ భుజం మీది బట్టలు పక్కన పెట్టి, గోడకు ఒరిగింది.

"ఇంకో మెట్టు దిగు బిడ్డ" అంది.